ఆపరేషన్ పరమానందం

"ఎక్స్‌టసీ. మధ్యాహ్నం పన్నెండు."

విదేశీ ముఠా వైర్‌లెస్‌లో పొద్దున దొరికింది ఆ కాస్తే. చీఫ్ డిక్షనరీ మూసి కళ్లద్దాలు తీశాడు.

"మూడు అర్థాలున్నాయయ్యా. ఒకటి మత్తుబిళ్ల. సగం టీమ్‌ని హార్బర్‌కి పంపాను. రెండోది ఒళ్లు తెలియని ధ్యానం. మిగతా సగం ధ్యానమందిరానికి. ఇక మిగిలింది పరమానందం. అది నీకు."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏజెంట్ సెవెంటీన్ వంతుకు ఆనందం రావడం అదే మొదటిసారి.

"పన్నెండింటికి ఓ ముసలి సైంటిస్టుకి సన్మానం. పరమానందమంటే అదే అయ్యుండాలి. ముఠా పేర్లన్నీ ఆయనకి తెలుసు. సభ అయ్యాక మనకి చెప్తానన్నాడు. అంతదాకా ఆయన బతకాలి. వెయిటర్ వేషంలో వెళ్లు."

వేషాల స్టోర్ తాళం ఏజెంట్ నెమలి దగ్గర ఉంటుంది. చూపు తిప్పుకోనివ్వని మనిషి. రెండేళ్లుగా మన తరఫున ముఠాలో కలిసి తిరుగుతోంది కూడా. తెల్లకోటు, విషం తగిలితే నల్లబడే చెంచా, బూట్లు ఇచ్చింది. డిపార్ట్‌మెంట్ బూట్లన్నీ ఎనిమిదో నంబరే. అతని పాదం పది.

"ఇంకో సైజు లేదామ్మా?"

"ఉంటే నేనివ్వనా అన్నయ్యా?"

పదకొండు యాభై ఎనిమిది. హాలు నిండిపోయింది. ముందు వరసలో ముత్యాల దండతో నెమలి. సెవెంటీన్ పాదాలు మండిపోతున్నాయి. దేశం సంగతి తర్వాత, ముందు ఎక్కడైనా కూలబడాలనిపించింది.

అప్పుడు చూశాడు. జ్యూస్ పట్టుకుని వేదికెక్కుతున్న వెయిటర్ కూడా అచ్చం తనలాగే, వేళ్లు ముడుచుకుని కుంటుతున్నాడు. బూటు మడమ మీద తెల్లపెయింట్ చుక్క. అది మన స్టోర్ గుర్తు. కానీ మనవాళ్లలో ఈ హాలుకి వచ్చిన వెయిటర్ తనొక్కడే!

సైంటిస్టు గ్లాసు పెదాలకు ఆనించాడు. సెవెంటీన్ కుంటుకుంటూనే దూకి, గ్లాసు లాక్కుని చెంచా ముంచాడు. కాటుకలా నల్లబడింది.

గార్డులు వెయిటర్ చేతులు విరిచి పట్టుకున్నారు. నెమలి లేవబోయి, గుమ్మం దగ్గరా గార్డులుండటం చూసి మళ్లీ కూర్చుంది.

"గుండె ఆగిపోయేది. ముసలాయన ఆనందం పట్టలేక ప్రాణం వదిలాడనుకునేవాళ్లు. అందుకే ఆ పేరు," అంది తాపీగా. "వాడికీ ఎనిమిదే ఇచ్చాను అన్నయ్యా. వేరే లేవుగా."

ఆ పిలుపు అతన్ని బూటుకన్నా గట్టిగా కరిచింది.

ఫోన్ మోగింది. చీఫ్.

"హార్బర్‌లో చేపలు తప్ప ఏం లేవు. ఇంతకీ ఆ మాటకి అర్థం ఏంటయ్యా?"

సెవెంటీన్ వేదిక మెట్ల మీద కూలబడి, రెండు బూట్లూ లాగేసి, కాలివేళ్లు మెల్లగా విప్పుకున్నాడు.

"నాలుగోది ఒకటుంది సార్. ఐదు నిమిషాలాగి చెప్తాను."