నలభై రెండో సంతకం

"ఎడమ పక్కటెముకల వెనక్కి గాలి పంపండి," అంది మేదిని వెన్నుకు కట్టి ఉన్న నిలువుపట్టీ. "ఇంకా. అక్కడ ఆపండి."

గోడకు బిగించిన చెక్క మెట్టు పట్టుకుని వేలాడుతూ మేదిని ఊపిరి బిగబట్టింది. ఆమె వెన్ను కుడివైపుకి కొద్దిగా వంగి ఉంటుంది. దాంతో ఎడమ పక్క మూసుకుపోతుంది. ఆ చోటును రోజూ పొద్దున్నే గాలితో తెరవాలి. పట్టీ కొలిచి చెప్పింది: పద్దెనిమిది డిగ్రీలు. ఇరవై దాటితే సముద్రపు గోడ మీద పనికి కావలసిన బరువుకవచం ఇవ్వరు. కవచం లేనివాళ్ళకు ఈ చలిదేశపు హెల్స్‌విక్ రేవులో పైగోడ పని ఉండదు, అడుగు అంతస్తులో నాచు గీకడమే. అనకాపల్లి నుంచి వచ్చిన ఆరేళ్ళుగా ఆమె పదిహేడుకీ పందొమ్మిదికీ మధ్య బతుకుతోంది.

"స్పర్శపటం మీద మీ సంతకం ఒక్కటే మిగిలింది," అని గుర్తు చేసింది పట్టీ.

చికిత్సగదిలో ఖతీజాబీ అరచేతులు రుద్దుకుంటూ కూర్చుంది. ప్రొద్దుటూరు మనిషి, అరవైకి దగ్గర పడింది. రేవులో వెన్నువంపు ఉన్న నలభై రెండు మందికీ ఆమే ఫిజియోథెరపిస్టు. పట్టీ వంపును కొలుస్తుంది. ఊపిరి ఎక్కడికి పోవాలో ఒంటికి నేర్పేది మాత్రం ఆమె చెయ్యే. ఆర్నెల్లుగా రేవు మండలి ఆమెకు పల్చటి గ్లవుజులు తొడిగించి, ఆ చేతుల ఒత్తిడినంతా స్పర్శపటంగా నమోదు చేసుకుంది. ఇక అది యంత్రహస్తంలోకి వెళుతుంది. అందుకు అందరు రోగులూ ఒప్పుకోవాలి.

"పెట్టేయ్ పాపా, సంతకం," అంది ఖతీజాబీ. "లేకుంటే నీ పట్టీ తీసేస్తారు. నా కోసరం నువ్వు పని పోగొట్టుకుంటావా?"

"మిమ్మల్ని పంపించేస్తారు కదమ్మా."

"పంపిస్తారు. మా ఆయన్ని ఈడనే మట్టి చేసినాం, ఆ కొండ పక్కన. ఇప్పుడు మంచు కప్పేసింది. రాయి గూడా కనపడదు." ఆమె కిటికీ వైపు చూడలేదు. "ఒగసారి చూసి పోదామనుకుంటి. కుదరలే."

ఒకసారి చూసుకోమన్నట్టు, పైకప్పు నుంచి యంత్రహస్తం దిగి వచ్చి మేదిని వీపు మీద ఆనింది. అదే వెచ్చదనం, అదే బరువు. బొటనవేలు దగ్గర అదే చిన్న వణుకు. ఖతీజాబీ వేలు ఎప్పుడో విరిగి అతికిన చోట పుట్టే వణుకది. తెలియకుండానే మేదిని ఎడమ పక్క తెరుచుకుంది. లోటేమీ లేదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది. ఇంకా బతికున్న మనిషి చెయ్యి, ఆ మనిషి పక్కనే కూర్చుని ఉండగా, వేరేచోటి నుంచి వచ్చి తనను తాకుతోంది.

"నేను ఒప్పుకోను," అంది.

మంచం పక్కన సంతకం అడిగే పలక మీద ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఆమె మళ్ళీ కాదంది. కారణం ఎంచుకోమని మూడు గడులు చూపింది పలక: నొప్పి, అపనమ్మకం, మతం. మేదిని ఏదీ నొక్కలేదు. కాసేపటికి యంత్రహస్తం తనంతట తానే పైకి ముడుచుకుంది.

"ఏం పని చేసినావ్ పాపా," అంది ఖతీజాబీ. ఆ గొంతులో కోపమే ఉంది.

ఆ నిరాకరణ మీద మండలి విచారణకు ముప్పై రోజులు పట్టింది. ఆ లోపు మంచు కరిగింది. ఒక ఆదివారం ఇద్దరూ కొండ పక్కకు వెళ్ళారు. మేదిని గేటు దగ్గరే ఆగిపోయింది. ఖతీజాబీ ఆ రాయి పక్కన తడి నేల మీద చాలాసేపు కూర్చుని, లేచి వచ్చి, "పోదాం పా," అంది.

ఒక్క సంతకం లేకున్నా స్పర్శపటం చెల్లదని విచారణలో తేలింది. యంత్రహస్తాన్ని విప్పి తీసుకెళ్ళారు. కానీ ఖతీజాబీ రేవులో ఉండే అనుమతిని మండలి అంతకు ముందే రద్దు చేసింది. దాన్ని తిరగరాసే నిబంధన ఏదీ లేదు. ముప్పై ఒకటో రోజున ఆమె వెళ్ళిపోయింది. రేవుకి ఆ చేతులూ లేవు, వాటి నకలూ లేదు. మేదిని పట్టీ తీసేసి, ఆమెను అడుగు అంతస్తుకు దింపారు. భోజనాల దగ్గర కొందరు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. వాళ్ళను తప్పుపట్టలేకపోయింది.

ఆమె వెళ్ళిన మూడో వారంలో, ఆ నలభై రెండు మందిలో ఒకడైన సోంపేట గున్నయ్య ఖాళీ చికిత్సగది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కవచపు పరీక్షకు అతనికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

"పట్టీ సెప్పినట్టే సేస్తన్నాను. గాలి ఆ పక్కకి ఎల్లట్లేదమ్మా," అన్నాడు. కాస్త ఆగి, సిగ్గుపడుతూ అన్నాడు: "ఆవిడ నీకు సేసినట్టు నాకు ఓపాలి సేత్తావేటి?"

"నాకు రాదు, గున్నయ్య గారూ."

"నాకూ రాదు."

మంచం మీద పరిచిన దుప్పటి ఇంకా మాసిపోలేదు. గున్నయ్య బోర్లా పడుకున్నాడు. మేదిని నాచు వాసన వేసే చేతులు రెండుసార్లు కడుక్కుంది. తుడుచుకుని, వెచ్చబడేదాకా రుద్దుకుని, అతని పక్కటెముకల మీద భయంభయంగా ఒక అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడా?"

"కాదు," అన్నాడతను. "ఇంకొంచెం కిందకి."