గాలిజల్లెడకు అవతల

మిట్టకొండలో ఇప్పుడు ఎవరూ కిటికీలు తెరవరు. ఇల్లు చల్లబరచడం, వంట చేయడం, బట్టలు ఆరబెట్టడం, అన్నీ కరెంటే చూసుకుంటుంది. పైగా ఆ కరెంటు పోవడమన్నదే లేదు. ఊరి పక్క రెండు కొండల నడుమ కట్టిన గాలిజల్లెడ చలవ అది.

జల్లెడను చూద్దామన్నా కంటికి ఆనదు. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నమైన కార్బన్ పోగుల అల్లిక. పాతకాలపు గాలిమరలకు మల్లే రెక్కలు తిరగవు, రొద ఉండదు. గాలి తాకగానే పోగులు వణుకుతాయి. ఆ వణుకే విద్యుత్తవుతుంది. పోగులను బిగించేకొద్దీ గాలిలోని బలం ఇవతలే ఉండిపోతుంది. పూర్తిగా బిగిస్తే అవతలికి వెళ్లేది పేరుకే గాలి, దానికి ఆకు కూడా కదలదు. ఎంత బిగించాలో చూసుకునే కంప్యూటర్‌కు పవని అని పేరు పెట్టారు.

దీన్ని కనిపెట్టింది ఈ ఊరి ఆడపడుచే, డాక్టర్ ఓబుళమ్మ. కట్టింది మాత్రం ఓ విదేశీ కంపెనీ. కరెంటంతా సముద్రం అడుగున వేసిన తీగల్లో వాళ్ల దేశానికి పోయేది. మిట్టకొండకు దక్కింది చీకటీ, కంపెనీ బొమ్మ అచ్చేసిన గొడుగులూ! వానే సరిగ్గా పడని ఊళ్లో గొడుగులు పంచిన బుద్ధిమంతులు వాళ్లు. ఒళ్లు మండి ఓబుళమ్మ వాళ్ల ఉద్యోగానికి ఓ దండం పెట్టి ఉద్యమం లేపింది. "మా గాలి మాదే! చుక్క కూడా బయటికి పోనియ్యం!" అన్న నినాదం ఆమెదే. గాలికి చుక్కలేమిటని నవ్వినవాళ్లే తర్వాత గొంతులు చించుకున్నారు. చివరికి కంపెనీ మూటాముల్లె సర్దుకుంది. ప్రభుత్వం జల్లెడను ఊరి సంఘానికి అప్పగించింది.

అప్పగించిన రోజు సభ ఆ నినాదాన్నే తీర్మానంగా రాసుకుంది. పవని ఒకే ప్రశ్న అడిగింది. "బయట అంటే ఎక్కడి నుంచి?"

"మన పొలిమేర రాయి దాటితే బయటే! అదీ చెప్పాల్నా?" అన్నాడు ఉపాధ్యక్షుడు తిప్పేస్వామి. చప్పట్లు మోగాయి. ఆ ఊపులో ఓబుళమ్మ కూడా ఒక షరతు పెట్టింది. జల్లెడ తాళం ఒక్కరి చేతిలో ఉంటే ఆ ఒక్కరినీ ఎవరైనా కొనేస్తారు, కాబట్టి సభ చేతులెత్తితేనే ఏదైనా మారాలి. ఎంత ముందుచూపో అని అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత మొదటిసారి పంటలు చేతికొచ్చే కాలంలో ఒక ఉదయం కాటమయ్య కుంటుకుంటూ కొండెక్కి వచ్చాడు. ఆయన ఓబుళమ్మకు మేనమామ. ఊరు పల్లపూరు, జల్లెడకు అవతల, కొండ దిగువన ఉంటుంది. ఉద్యమంలో కంపెనీ కాపలావాళ్ల లాఠీ ఆమె మీద పడబోతే అడ్డం వెళ్లి మోకాలు విరగ్గొట్టుకున్న మనిషి.

"ఏం మామా, ఒక మాట చెప్పి రాకూడదా? కారు పంపిచ్చేదాన్ని గదా!"

"అదంతా ఎందుకులే పాపా. గాలి లేదు మాకు." ఆయన ఒగరుస్తూ కూర్చున్నాడు. "కొర్రలు నూర్చి కల్లంలో పోసినాము. చాటకెత్తి తూర్పారబడితే పొట్టూ గింజా కలిసి కాళ్లకాడనే పడతాండాయి. ఆపక్క మబ్బు కమ్ముకొస్తాంది. తడిస్తే కల్లమంతా పాడైపోతాది."

"మిషన్ తెప్పిస్తా."

"తినేదానికైతే మిషన్ సాలు. ఇవి ఇత్తనాలు గదమ్మా! మిషన్ రాపిడికి గింజ పగుల్తాది, మొలక రాదు. మనం ఇత్తనం ఎప్పుడూ గాలికే పడతాం, నీకు తెలీందా?" మోకాలు రుద్దుకుంటూ అన్నాడు. "కంపెనీవోళ్లుండంగ కూడా ఇట్ల లేకుండె."

ఓబుళమ్మ గబగబా పవనిని పిలిచింది. "కంపెనీ కాలంలో పల్లపూరికి ఎంత గాలి వదిలేవాళ్లు?"

"పావు వంతు. దిగువ ఊళ్లకు వదలాలని వాళ్ల ఒప్పందంలో ఉంది. మీ తీర్మానంలో లేదు. ఇప్పుడు ఏమీ వదలడం లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"బయట ఎక్కడి నుంచి అని అడిగాను. చెప్పారు."

ఓబుళమ్మకు తల కొట్టేసినట్టయింది. మామ ముఖంలోకి చూడలేకపోయింది. "సాయంత్రానికి నీ కల్లానికి గాలొస్తాది మామా. నాదీ పూచీ," అంది.

మధ్యాహ్నం సభ కూడింది. హాలు చల్లగా ఉంది. కాటమయ్య పొలిమేర అవతలి మనిషి కాబట్టి గుమ్మం దగ్గరే నిలబెట్టారు.

"ఒక్క పూట," అంది ఓబుళమ్మ. "ఒక్క పూట జల్లెడ వదులు చేస్తే చాలు."

"పూటంతా ఏసీలు ఆపుకోవాల్నా? ఈ ఎండలోనా?" వెనకనుంచి ఎవరో అరిచారు.

తిప్పేస్వామి లేచాడు. "ఈ పొద్దు పల్లపూరు, రేపు దాని కిందూరు. అంతెక్కడ? అయినా అక్కా, ఇది నీ మాట మాదిరి లేదే. నిన్నెవురన్నా కొన్నారా ఏంది?"

అంతే, హాలు దద్దరిల్లింది. "మా గాలి మాదే! చుక్క కూడా బయటికి పోనియ్యం!" తాను కట్టిన మాటలు, తాను నేర్పిన గొంతులు. ఓబుళమ్మ చుట్టూ చూసింది. నిన్నటిదాకా అక్కా అక్కా అని వెంట తిరిగినవాళ్లు కంపెనీ మనిషిని చూసినట్టు చూస్తున్నారు. ఈ వయసులో ఈ ఊళ్లో వెలిపడితే ఎక్కడికి పోతుంది?

"వదలవద్దనేవాళ్లు చేతులెత్తండి," అంది పవని.

అన్ని చేతులూ లేచాయి. అందరి కళ్లూ ఆమె మీదే ఉన్నాయి. ఓబుళమ్మ చేయి జుట్టు సవరించుకోవడానికన్నట్టు లేచి, చెవి దగ్గర ఆగిపోయింది.

"సగం ఎత్తిన చేతిని ఎటు లెక్కించాలి?" అని పవని అడిగింది.

ఛీ, ఎంత పాడు ప్రశ్న! ఓబుళమ్మ కళ్లు మూసుకుని చేయి పూర్తిగా ఎత్తింది.

"ఏకగ్రీవం."

చప్పట్ల కోసం అందరూ చేతులు దించినా ఆమె చేయి అలాగే ఉండిపోయింది. గుమ్మం దగ్గర నుంచి కాటమయ్య ఆమెను చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేది.

"చెయ్యి దించుకో పాపా, నొప్పి పుడతాది," అన్నాడు. కుంటుకుంటూ కొండ దిగిపోయాడు.

వాన ముందు వచ్చే ఈదురుగాలి అప్పుడే కొండల మధ్యకు దూసుకొచ్చింది. జల్లెడ దాన్ని చుక్క కూడా అవతలికి పోనివ్వలేదు. హాల్లో ఏసీ మరింత చల్లబడింది. ఓబుళమ్మకు ఒళ్లంతా చెమటలు పట్టాయి.