ఒంటిమీద కుట్టిన గుండీ

నాయనమ్మ పోయాక ఆవిడ సామాన్లు తలా ఒకటి పట్టుకుపోయారు. నేను ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను కదా, "నీకైతే పనికొస్తుంది" అంటూ మేనత్త గుండీల డబ్బా నాకు అంటగట్టింది. మూత తీస్తే పాత ఇనుము వాసన. ముత్యపుచిప్ప గుండీలు, కొమ్ము గుండీలు, తుప్పు పట్టిన హుక్కులు, ఓ కండె నిండా నల్లదారం. నిజం చెప్పొద్దూ, తెగ నచ్చేశాయి.

ఆ పొద్దున్న ఒకటే వాన. కరెంటు లేదు. స్కూల్లో ఫొటోలు తీస్తారని మా పాప గౌను వేసుకుని తయారైంది. తీరా చూస్తే మెడ దగ్గర గుండీ లేదు! విప్పవే అంటే వింటేనా? జడలు చెదిరిపోతాయట. మొండిఘటం, అచ్చం నా పోలికే. సరేలే అని డబ్బాలోంచి ఓ చిప్పగుండీ తీసి, ఆ నల్లదారంతోనే, పాపని నిలబెట్టి ఒంటిమీదే కుట్టేశాను. సూది తీసేసి, ముడి వేసి, మిగిలిన దారం పళ్ళతో కొరకబోయాను.

"అమ్మా! నొప్పి!"

"చాల్లే, వేషాలు వెయ్యకు," అని దారం కాస్త లాగాను.

పాప మొహం పాలిపోయింది. నోరు తెరిచింది గానీ మాట రాలేదు. దారం వదిలాను... అప్పుడు ఊపిరి తీసుకుంది.

గౌను విప్పేద్దామని మెడ దగ్గర పట్టుకుని ఎత్తాను. గుడ్డతో పాటు చర్మం కూడా లేచింది. నెత్తురు చుక్క లేదు. నాకున్నది ఇదొక్కతే, దేవుడా... గుమ్మం దాకా వెళ్ళి మేనత్తకి ఫోన్ చేశాను. పాపకి వినబడకుండా గుసగుసగానే చెప్పాను.

"ఒంటిమీద ఉండగానే కుట్టావా?" అత్త గొంతు కూడా తగ్గిపోయింది.

"అవునత్తా. కత్తెరతో కత్తిరించెయ్యనా?"

"వద్దు! దారం తెంపకు. మా అమ్మ ఆ తొందరే పడింది... మీ చిన్నత్తకి కుట్టినప్పుడు."

"చిన్నత్తేమిటి? నాకున్నది నువ్వొక్కదానివే కదా!"

అత్త ఏడుస్తోంది.

వాన చప్పుడు సన్నబడింది. వెనక్కి తిరిగి చూశాను. పాప మిషను పక్కన, గడ్డం పైకెత్తి, కదలకుండా నిలబడి ఉంది. దాని ముందు ఎవరూ లేరు.

"ఇంకా ఎన్ని కుట్లు?" అంది విసుగ్గా. నా వైపు చూడలేదు.

మెడ కింద జానెడు వేలాడుతున్న దారం... కొంచెం కొంచెంగా... లోపలికి పోతోంది.