గరుకు బిళ్ళ

"మీ బిళ్ళల మీద నా కణాలు చచ్చిపోతున్నాయండీ!"

"నా బిళ్ళలకేమైంది మేడం? అద్దం లెక్క మెరుస్తున్నయ్. మీ కణాలకే తాకత్ లేదేమో!"

కమలకుమారి మైక్రోస్కోప్ మీంచి తలెత్తింది. కోపంతో ముక్కు కొస ఎర్రబడింది. ఎదురుగా రామ్‌చందర్ చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

ఉస్మాన్‌గంజ్ వెనుక సందులోని ఆ చిన్న పరిశోధనశాలలో ఆమె ఎముకను కట్టే కణాలను గాజు గిన్నెల్లో పెంచుతుంది. అతను ఇంజనీరు. ముక్క పోయిన ఎముకల మధ్య పెట్టడానికి పింగాణీలాంటి పదార్థంతో బిళ్ళలు తయారుచేస్తాడు. ఇద్దరి గదులకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీదుగా పోట్లాట లేని రోజు లేదు.

"అవే కణాలు మామూలు గిన్నెలో హాయిగా పెరిగాయి. కణం తన కింద ఏముందో తడిమి చూసుకుంటుంది. పట్టు దొరికితే చేతులు చాపి అతుక్కుంటుంది. ఆ పట్టు దగ్గర్నుంచే లోపలికి కబురు వెళ్తుంది, ఇక్కడ ఎముక కట్టొచ్చు అని. మీ నున్నటి బిళ్ళ మీద దానికి పట్టే దొరకట్లేదు. ముడుచుకుని చచ్చిపోతోంది."

అతని నవ్వు ఆగిపోయింది.

వచ్చే సోమవారం ఎముకల డాక్టర్ ఆదిశేషయ్య ఆ పదార్థాన్ని మొదటిసారి ఒక మనిషి కాలిలో పెట్టబోతున్నారు. ఆ మనిషి బేగంబజార్ హమాలీ అంజన్న. బస్తాలు మీద పడి మోకాలి కింద ఎముక నుజ్జయింది.

మర్నాడు, శుక్రవారం పొద్దున్నే రామ్‌చందర్ ఇంకో బిళ్ళ తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గరుకు కాగితంతోటి రుద్దిన. రెండూ పక్కపక్కన పెట్టి చూడుండ్రి. పట్టు దొరుకుతదో లేదో తేలిపోతది."

ఆమె రెండిటి మీదా కణాలు చల్లింది. అవి కుదురుకోవడానికి కాస్త వ్యవధి కావాలి.

ఆ సాయంత్రమే బస్తీలో లొల్లి మొదలైంది. చీకటి పడేలోగా కర్ఫ్యూ పెట్టేశారు.

ఛత్రినాకలోని అద్దె ఇంట్లో కమలకు శనివారమంతా కాలు నిలవలేదు. గిన్నెల్లో కణాలకు తిండి అయిన ద్రవం మార్చకపోతే అవన్నీ పోతాయి. ఫలితం చూడకుండానే సోమవారం వచ్చేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం కాసేపు కర్ఫ్యూ సడలించారని రేడియోలో విని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఎక్కడికమ్మా?" తండ్రి శ్రీహరిరావు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "జనమంతా పాలకోసం పరుగెడుతుంటే నీకు ల్యాబా?"

అప్పుడే వాకిట్లో సైకిల్ గంట మోగింది.

"నమస్తే సార్. నా పేరు రామ్‌చందర్. మేడం పనిచేసే తాన్నే నేనూ చేస్త. మీరు పంపనంటే గిన్నెలల్ల ఏం జెయ్యాల్నో చెప్పించుండ్రి. నేనే పోయొస్త."

శ్రీహరిరావు అతన్ని ఎగాదిగా చూశాడు. కూతురి ముఖం కూడా చూశాడు. లోపలికెళ్ళి స్కూటర్ తాళం తెచ్చాడు.

"పదండి. నేనూ వస్తాను."

దారి పొడవునా సగం తెరిచిన దుకాణాలు, మూలమూలకీ పోలీసులు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. స్కూటర్ వెనుక కూర్చున్న కమల ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి, సైకిల్ కనిపించాకే ఊపిరి పీల్చుకుంది.

ల్యాబ్‌లో ముందు నున్నటి బిళ్ళ చూసింది. కణాలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. దాన్ని తీసి గరుకు బిళ్ళ పెట్టింది. పైనుంచి వెలుగు వేసి చూసింది. కణాలు వెడల్పుగా పరుచుకుని, ఒకదాన్నొకటి అందుకుంటున్నాయి.

"చూడండి."

రామ్‌చందర్ మైక్రోస్కోప్ మీద వంగి చాలాసేపు చూశాడు. అతనేమంటాడోనని ఆమె అతన్నే చూస్తూ నిలబడింది. నున్నటి బిళ్ళ సంగతి ఎవరికీ చెప్పొద్దంటాడేమో! గరుకుదాన్ని రేపే వాడేద్దామంటాడేమో!

అతను ఫోన్ అందుకున్నాడు.

"డాక్టర్ సాబ్, రామ్‌చందర్‌ను. రేపు నా బిళ్ళ పెట్టకుండ్రి, దాని మీద కణాలు బతుకుతలేవు. అంజన్న తుంటి ఎముక ముక్కనే తీసి అతికియ్యుండ్రి... అవు సార్, రెండేండ్ల పని ఆగిపోతది. ఎరికే. కొత్త తీరుది ఒక్కసారే చూసినం, అది చాలదు. ముందుగాల జంతువులల్ల చూడాలె."

అవతలి నుంచి చాలాసేపు కేకలు వినిపించాయి. చివరికి అతను "షుక్రియా సార్" అని ఫోన్ పెట్టేశాడు.

"ఒప్పుకున్నడు. మస్తు తిట్టిండనుకో."

కమల కణాలకు ద్రవం మార్చి, గిన్నెలు లోపల పెట్టి, అప్పుడు అడిగింది.

"ఇంత లొల్లిలో బిళ్ళల కోసమేనా మా ఇంటిదాకా వచ్చారు?"

"బిళ్ళలకోసమైతే సీదా ఇక్కడికే వస్తుంటి." అతను నేల చూశాడు. "మీరు ఒక్కరే బయల్దేరుతరని ఫికరైంది. రోజూ కొట్లాడకపోతే నాకు అన్నం సయిస్తలేదు కమలా. ఇగ ఇంతకన్న సాఫ్ చెప్పనీకి రాదు నాకు."

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. శ్రీహరిరావు!

"రామ్‌చందర్, కర్ఫ్యూ ఎత్తేశాక మీ అమ్మానాన్నల్ని తీసుకుని మా ఇంటికి రావయ్యా."

"నాన్నగారూ! నేనింకా ఏమీ చెప్పలేదు!"

"చెప్పమ్మా మరి. మళ్ళీ కర్ఫ్యూ సైరన్ మోగేలోగా ఇల్లు చేరాలి."

కమల చేతి తొడుగులు విప్పి బల్ల మీద పడేసింది. చెంపలు వేడెక్కాయి.

"ఇంకో పది గరుకు బిళ్ళలు చేసి తీసుకురండి," అంది రామ్‌చందర్‌తో. గుమ్మం దాటుతూ ఆగింది. "వాటికంటే ముందు మీ అమ్మగారిని."