గోపిక దిగేదాకా

ఆత్మకూరు నుంచి అనంతసాగరానికి నేను షేర్ ఆటో తోలుతాను. ఎక్కడున్నావు, ఎంతసేపట్లో వస్తావు అని ఫోన్ చేసి ప్రాణం తీసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అలాంటి నేను ఆ రోజు పొద్దుటినుంచీ ఫోన్ కింద పెట్టలేదు. తెరమీద పసుపుపచ్చ విమానం బొమ్మ మెల్లగా జరుగుతోంది. అందులో మా కూతురు గోపిక ఉంది. జర్మనీలో చదువుకోడానికి పోతోంది.

పక్క గదిలో మా అమ్మ ఓబులమ్మ శవం ఉంది.

గోపిక మద్రాసు ఎయిర్‌పోర్టు లోపలికి తెల్లారుజామున పోయిందని మా బావమరిది హరి ఫోన్ చేసిన కాసేపటికే అమ్మ ప్రాణం పోయింది. ఆమెకు బాగాలేదనే మేమిద్దరం బిడ్డను సాగనంపడానికి పోలేదు. చెబితే గోపిక వెనక్కి వచ్చేస్తుంది. దానికి అవ్వంటే అంత ఇది. నా భార్య సుధారాణి గొంతెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టేశాను.

"బిడ్డ గాల్లో పోవాల్సి ఉండాది. అది దిగిందాకా ఈ ఇంట్లో ఏడుపు వినపడగూడదు."

"పక్కింటోళ్ళకన్నా ఒక మాట చెప్దామయ్యా."

"చెప్తే ఊరంతా వస్తాది. ఎవురో ఒకరు దానికి మెసేజీ పెడతారు. వద్దు."

గది తలుపు మూసి బయట గడియ పెట్టాను. కన్నతల్లిని దొంగసొత్తులాగా దాచాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా గడియ తియ్యలేదు.

మధ్యాహ్నం ఎండకి వీధిలో మేకలు కూడా అరవడం మానేశాయి. తలుపు సందులోంచి అమ్మ మోకాళ్ళకు రాసుకునే నూనె వాసన వస్తోంది. దాని అడుగున ఇంకేదో వాసన. ఇద్దరం ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాం.

అప్పుడు మొదలైంది... సన్నగా, ముక్కుతో, రాగం తీస్తూ. మా వైపు ఆడవాళ్ళు శవం మీద పడి ఏడ్చే ఏడుపు.

సుధారాణి నా ఎదురుగానే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"వినపడిందా?" గుసగుసగా అడిగాను.

"ఏంది?"

ఆమెకు వినపడలేదు. తన కోసం ఏడ్చేవాళ్ళు లేక అమ్మ తనే ఏడ్చుకుంటోందనుకున్నాను. వెళ్ళి తలుపుకి చెవి ఆనించాను.

"ఓ నా గోపికా... నా బంగారు తల్లీ... గుప్పెడు మట్టన్నా దక్కకుండా పోతివా తల్లీ..."

ఫోన్ చూశాను. చుట్టూ సముద్రం. విమానం బొమ్మ కదలడం లేదు.

గడియ లాగి లోపలికి పోయాను. అమ్మ పడుకోబెట్టినట్టే ఉంది. గడ్డం కింద కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. ఏడుపు ఆగలేదు. మూసిన ఆ నోట్లోంచే...

కాళ్ళ మీద పడ్డాను. చల్లగా ఉన్నాయి.

"అమ్మా... తప్పైపోయినాది. బిడ్డనొదిలెయ్. దాని బదులు ఎవురినైనా తీసుకో... ఎవురినైనా..."

నన్ను తీసుకో అనలేదు. అనాలని తోచనే లేదు.

ఏడుపు ఆగింది. ఫోన్‌లో విమానం ముందుకు జరిగింది.

విమానం దిగేసరికి మాకు పొద్దు వాలింది. గోపికే ఫోన్ చేసింది. "నాయనా, దిగినాను. అవ్వకి ఎట్లుండాది?"

చెప్పాను. "నాకు చెప్పకుండా ఎట్ట పంపించినారు నాయనా?" అని అంత దూరాన ఒక్కతే నిలబడి ఏడ్చింది. బిడ్డ బతికుంది, ఆ ఏడుపు కూడా నాకు తియ్యగానే ఉంది.

సుధారాణి లేచింది. "ఇంక ఏడవచ్చు గదయ్యా?"

తల ఊపాను. పోయి అత్త మీద పడి, పొద్దుటినుంచీ దిగమింగుకున్నదంతా గొంతెత్తి ఏడ్చింది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. పక్కింటి దేవకమ్మత్త, ఇంకా ఇద్దరు ముగ్గురు పరుగున వచ్చారు.

సుధారాణి ఊపిరి తీసుకోడానికి ఆగింది. ఆమె కిందినుంచి ఇంకో గొంతు... సన్నగా, ముక్కుతో.

"ఓ నా సుధారాణీ... నా కోడలా... పొద్దు గూకకముందే పోతివా తల్లీ..."

ఎవరూ తల తిప్పలేదు. సుధారాణి కూడా.

కిటికీలోంచి చూశాను. ఎండ అప్పటికే ఎదురింటి గోడ పైకి ఎక్కేసింది.