పేరు లేని పిలుపు

అసుర సంధ్య! ఆకాశం ఫెళఫెళమని ఉరుముతోంది... కరెంటు స్తంభం మీద గుడ్లగూబ ఆగకుండా అరుస్తోంది. దర్జీ కొట్టు మీది గదిలో, బూడిదతో గీసిన వలయం మధ్య, కపాలాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాడు మంత్రగాడు. కుట్టుమిషను మీద రేపటి పెళ్ళిబట్టలు ఉన్నాయి. దర్జీ కూతురివి... పదేళ్ళ పిల్ల కొలతలవి.

సంబంధం కుదిరిన రోజు నుంచే ఆ పిల్ల తల్లికి దయ్యం పట్టింది. ముప్పై ఏళ్ళ మనిషి, తను ఈ ఇంటికి కోడలై వచ్చిన నాటి తొమ్మిదేళ్ళ గొంతుతో ఏడుస్తోంది. "పక్క తడిపాను... కొట్టకండత్తయ్యా." ఆ ఏడుపు వింటే మగపెళ్ళివారు వెనక్కి పోతారని దర్జీ భయం. కూతురి బతుకేమవుతుందన్న భయం మాత్రం ఆ మహానుభావుడికి లేదు!

ముసలి అత్త కోడలి కాళ్ళు అదిమి పట్టుకుంది. పుట్టింట్లో దీన్ని ఏ పేరుతో పిలిచేవాళ్ళని మంత్రగాడు అడిగాడు. పేరు పెట్టి పిలిస్తేనే ఆత్మ కపాలంలో బందీ అవుతుంది. దర్జీ బుర్ర గోక్కున్నాడు. పెళ్ళినాడే ఆమె పేరు మార్చేశారు. మార్చిన అత్తకే పాతపేరు గుర్తులేదు.

మంత్రగాడు విసుక్కున్నాడు. ఆ విసుగే అతని కొంప ముంచింది. పేరు లేకుండానే పిలిచేశాడు.

"పాలపళ్ళతో ఈ ఇంటికి కోడలై వచ్చినదానా... బయటికి రా!"

ఎక్కడో పిడుగు పడింది. కోడలి ఏడుపు ఆగిపోయింది. ఆమె కాళ్ళ మీది చేతులు వదులయ్యాయి... డెబ్భై ఏళ్ళ అత్త నోట ఎనిమిదేళ్ళ గొంతు పలికింది.

"నన్నేనా పిలిచావు?"

మంత్రగాడి పైప్రాణాలు పైనే పోయాయి. గోడలోంచి ఇంకో గొంతు... నేల కిందనుంచి మరొకటి... అత్తకు అత్త, ఆమెకూ అత్త! తరతరాలుగా ఆ ఇంట బాల్యాన్ని సమాధి చేసుకున్న చిట్టితల్లులందరూ తమనే పిలిచాడనుకుని బిలబిలమంటూ వచ్చేశారు. ఒక్క ఆత్మ పట్టే కపాలం అది! ఫటేలున పగిలింది. వలయంలోని బూడిద భగ్గున మండి మంత్రగాణ్ణే చుట్టేసింది. అతని ఆర్తనాదం ఉరుములో కలిసిపోయింది. పొగ వీడేసరికి అక్కడ మనిషి లేడు.

దర్జీ తల్లి కాళ్ళ మీద పడి అమ్మా అన్నాడు. ఆమె కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"నేనెవరికీ అమ్మను కాను. అన్నయ్యా, నన్ను మా ఇంటికి పంపించెయ్యవూ?"

ఆ క్షణమే పెళ్ళి లేదని మగపెళ్ళివారికి కబురు వెళ్ళింది. కోడలు కోలుకుంది, కూతురు బడికి వెళ్తోంది. ముసలామె మాత్రం మళ్ళీ పెద్దది కాలేదు. రోజూ పొద్దున్నే మనవరాలి ముందు చతికిలబడి, నెరిసిన జుట్టు విప్పుకుని అడుగుతుంది.

"అక్కా, నాకూ జడ వెయ్యవూ?"