పిచ్చుక దిగిన వరుస

మాది తప్పిపోయిన వాళ్ల వివరాలు పెట్టే వెబ్‌సైటు. ఎవరైనా వెతికితే ఏ పేజీ పైన రావాలో, ఏది కింద రావాలో చూసే పని నాది. ఇంట్లో కూర్చునే చేస్తాను. ప్రతి పేజీకీ సున్నా నుంచి వంద దాకా ఒక అంకె ఉంటుంది, పెద్ద అంకె ఉన్నది పైకొస్తుంది. అంకె మార్చి 'పంపు' నొక్కితే, ఎక్కడో ఉన్న సెర్చ్ సర్వరు ఐదు నిమిషాల్లో వరుస మార్చేస్తుంది. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు.

నాకా పని నేర్పింది మా అక్క కూతురు. నోరు మూతపడదని అందరం పిచ్చుక అనేవాళ్లం. రెండేళ్ల కిందట ఆఫీసులో బయల్దేరింది, ఇంటికి చేరలేదు. దాని లాగిన్ మూసేసింది నేనే. దాని పేజీ తయారుచేసిందీ నేనే. అంకె వంద పెట్టాను. ఎవరు ఎవర్ని వెతికినా ముందు అదే నవ్వుతూ కనబడేది. కొత్త కేసే పైన ఉండాలన్నది రూలు. తెలిసే తప్పాను.

అక్క రోజూ లేవగానే ఫోన్లో చూసుకునేది. "పైనే ఉందే," అనేది. ఆ తర్వాతే మొహం కడుక్కునేది.

ఆ సాయంత్రం వాన. ఎడిటర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, నాలుగేళ్ల బాబు. పొద్దుట్నుంచి కనబడట్లేదు. మీ అమ్మాయిని కాస్త దించండి. ఇన్నాళ్లూ చూసీ చూడనట్టే ఊరుకున్నాను కదా."

సరేనన్నాను. వంద తీసేసి యాభై కొట్టాను. 'పంపు' నొక్కడానికి చెయ్యి రాలేదు. మళ్లీ వంద రాశాను. రేపు చూద్దాంలే అనుకున్నాను.

గదిలో తడిజుట్టు వాసన. కిటికీలు మూసే ఉన్నాయి. నా కుర్చీ వెనక టప్... టప్... కుళాయి అనుకున్నాను. కుళాయి వంటింట్లో ఉంది.

తెరమీద వంద కాస్తా సున్నా అయింది.

వంద కొట్టాను. సున్నా. మళ్లీ కొట్టాను. సున్నా...

మార్పుల చిట్టా తెరిచాను. మార్చింది పిచ్చుక లాగిన్. నేను మూసేసిన లాగిన్. 'కారణం' అన్న గడిలో ఒక్క వాక్యం.

'వాడింకా బతికే ఉన్నాడు పిన్నీ.'

'పంపు' నేనే నొక్కాను.

గంటలో బాబు దొరికాడు. పైకొచ్చిన ఫొటో చూసి ఒక గోదాము కాపలాదారు పాత నీళ్లతొట్టి మూత తీశాడట.

అంతలో అక్క ఫోన్. "ఏమే, నా పిల్లని ఎక్కడికి తోసేశావే?"

"నేను కాదక్కా. అదే దిగింది."

అక్కడ అబద్ధం ఆడాల్సింది. ఉన్నదున్నట్టు చదివి వినిపించాను.

"వాడింకా, అందా..." గొంతు గుసగుసలా ఉంది. "అంటే మరి ఇది..."

"అక్కా..."

"సరేలేవే. పాపం, ఒక్కతే ఎన్నాళ్లుంటుంది." పెట్టేసింది.

ఐదు నిమిషాలకి వరుస మళ్లీ మారింది. అన్నిటికన్నా పైన ఒక కొత్త పేజీ. నేను తయారుచేసింది కాదు. ఫొటో లేదు. పేరు లేదు. వయసు యాభై నాలుగు. అక్కకి పోయిన నెలే యాభై నాలుగు నిండాయి.

తప్పిపోయిన తేదీ... రేపటిది.

సున్నా కొట్టాను. వంద అయింది. మళ్లీ కొట్టాను. వంద. అక్క ఫోన్ మోగుతోంది... ఎత్తట్లేదు.

'చివరిసారి ఎవరితో కనిపించారు' అన్న గడి మాత్రం నింపి ఉంది. ఒకటే మాట.

కూతురు.